పెళ్ళైన కొత్తలో కాపర్-టి: భయమెంత? నిజమెంత?

"తొలి కాన్పు కానిదే కాపర్-టి వేయించుకోకూడదు" అనే మాట తెలుగు ఇళ్ళలో దాదాపు శాస్త్రవాక్యంగా చెల్లుబాటవుతున్నది. తల్లి కూతురికి చెబుతుంది, అత్తగారు కోడలికి చెబుతుంది. కొందరు వైద్యులు సైతం ఆ మాటే చెప్పి పంపివేస్తారు. ఈ మాట ఎప్పుడు, ఏ కారణంగా పుట్టింది, నేటి విజ్ఞానం దృష్టిలో దానికి ఎంత విలువ ఉన్నది అనే విషయాలను మన సంఘ కుటుంబాల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా వృత్తి రసాయనశాస్త్ర పరిశోధన. వైద్యుల సలహాకు ఈ వ్యాసం బదులు కానేరదు. అయితే కాపర్-టి పనిచేసేది రాగికి గల రసాయన ధర్మం వలననే గనుక, ఈ విషయంలో రసాయనశాస్త్రం కూడా చెప్పవలసిన మాట కొంత ఉన్నది.

మన అవసరం

బౌషర్ విలాయత్‌లోని గుబ్రా, ఘలా, అల్ ఖువైర్ ప్రాంతాలలో కొత్తగా కాపురం పెట్టే మన జంటలు తొలి సంతానాన్ని ఒకటి రెండేళ్ళు వాయిదా వేయాలనుకోవడం సహజం. భర్త ఉద్యోగపు ఒప్పందం ఇంకా కుదుటపడదు. భార్య చదువు సగంలో ఉంటుంది, లేదా ఆమె కూడా ఉద్యోగ ప్రయత్నంలో ఉంటుంది. పురిటికి పుట్టింటికి వెళ్ళడం, బాలింతకు సాయంగా తల్లిని ఇక్కడికి రప్పించుకోవడం, ఇవన్నీ ముందుగా ఆలోచించుకోవలసిన విషయాలే. ఇంతలో పెళ్ళై ఆరు నెలలు కాగానే ఊరినుండి ఫోనులో "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న మొదలవుతుంది.

ఇట్టి జంటలలో పెక్కుమంది కండోమునో, మాత్రలనో, దినాల లెక్కనో నమ్ముకుంటారు. సామాన్యంగా జనం వాడే తీరులో వాడితే, అమెరికా అంచనాల ప్రకారం, ఒక సంవత్సర కాలంలో కండోము వాడే 100 మంది స్త్రీలలో సుమారు 13 మందికి, మాత్రలు వాడే 100 మందిలో సుమారు 7 గురికి గర్భం వస్తుంది. గర్భాశయంలో అమర్చే సాధనాలతో ఆ సంఖ్య ఒకటికి లోపే. మాత్ర మరచిపోవచ్చు, కండోము వాడకంలో పొరపాటు జరగవచ్చు. ఒకసారి అమర్చిన సాధనానికి జ్ఞాపకశక్తితో పని లేదు. తేడాకు ముఖ్య కారణం ఇదే.

తెలుగునాట ఈ విషయానికి మరొక ముఖం ఉన్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహితలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 38 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో కాపర్-టి వంటి సాధనాలు వాడుతున్నవారు ఒక శాతం కూడా లేరు. మన రాష్ట్రంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగానికి పైగా 25 ఏళ్ళు నిండకముందే చేయించుకున్నట్లు ఈ సర్వేలు చూపుతున్నవి. అంటే మన స్త్రీ జీవితంలో రెండే దశలు: పెళ్ళినుండి రెండవ కాన్పు వరకు ఏ సాధనమూ లేదు, ఆ తరువాత శాశ్వతంగా తలుపు మూసివేయడం. నడుమ వాడుకొని, కావలసినప్పుడు తీసివేయగల సాధనం ఒకటి ఉన్నదన్న ఆలోచనే మనకు అలవాటు కాలేదు.

లూపు వచ్చింది, అపనమ్మకం మిగిలింది

గర్భాశయంలో చిన్న వస్తువును ఉంచితే గర్భం రాదని గుర్తించి, దానిని వైద్య పద్ధతిగా మలచినవారిలో బెర్లిన్ వైద్యుడు ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బెర్గ్ ప్రముఖుడు. 1920 దశకంలో ఆయన వెండి తీగతో చేసిన ఉంగరాలను వాడాడు. ఆ వెండిలో సుమారు 26 శాతం రాగి కలిసి ఉన్నదని తరువాత తెలిసింది. ఫలితంలో రాగి పాత్ర ఎంతో అప్పటికి ఎవరూ ఊహించలేదు.

1960 దశకపు ఆరంభంలో అమెరికా వైద్యుడు జాక్ లిప్పిస్ పాలిథిలీన్ ప్లాస్టిక్‌తో మెలికల ఆకారంలో ఒక సాధనాన్ని రూపొందించాడు. మన పెద్దవారికి జ్ఞాపకమున్న "లూపు" ఇదే. భారత ప్రభుత్వం 1965లో దీనిని జాతీయ కార్యక్రమంలో చేర్చింది. మొదటి సంవత్సరం 8 లక్షలకు పైగా, రెండవ సంవత్సరం 9 లక్షలకు పైగా స్త్రీలకు లూపు వేశారు. మూడవ ఏటికే సంఖ్య తగ్గుముఖం పట్టింది. శిబిరాలు పెట్టి, లక్ష్యాలు విధించి, లెక్క పూర్తిచేయడమే పనిగా సాగిన ఆ కార్యక్రమంలో, రక్తస్రావం ఎక్కువ కావచ్చునని ముందుగా చెప్పినవారు తక్కువ; బాధతో తిరిగి వచ్చిన స్త్రీని పరీక్షించి ఓదార్చినవారు మరీ తక్కువ. లూపు గుండెలోకి పోతుందని, పుట్టబోయే బిడ్డ తలలో గుచ్చుకుంటుందని పుకార్లు పుట్టడానికి ఆ మౌనమే ఎరువు వేసింది.

ఈ అపనమ్మకానికి మన ప్రాంతంలోనే మరొక ఉదాహరణ ఉన్నది. 1985లో హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను స్త్రీలపై పరీక్షించబూనినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి వారికి సరిగా తెలియజేయలేదని స్త్రీశక్తి సంఘటన సభ్యులు అభ్యంతరం తెలిపారు. 1986లో ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. సాధనం వేరైనా పాఠం ఒకటే. తెలియజెప్పకుండా చేసిన మేలును కూడా జనం మేలుగా స్వీకరించరు.

రాగి చేసే పని

ప్లాస్టిక్ సాధనానికి రాగి తోడైనది 1960 దశకం చివర. చిలీ దేశపు వైద్యుడు హైమే జిప్పర్ కుందేళ్ళ గర్భాశయంలో సన్నని రాగి తీగ ఉంచి, అది గర్భధారణను నిరోధిస్తున్నదని గమనించాడు. అదే కాలంలో అమెరికాలో హోవార్డ్ టాటమ్ గర్భాశయపు ఆకృతికి ఇమిడే "టి" ఆకారపు సాధనాన్ని తయారుచేశాడు. ఉత్త ప్లాస్టిక్ "టి"తో ఏడాదికి 100 మందిలో సుమారు 18 మందికి గర్భం వచ్చింది. దానికి 30 చదరపు మిల్లీమీటర్ల రాగి చుట్టినప్పుడు అది సుమారు 5కు, 200 చదరపు మిల్లీమీటర్ల రాగితో సుమారు 1కి తగ్గింది. రాగి ఉపరితలం పెరిగినకొద్దీ ఫలితం పెరగడం చూస్తే, పని చేసేది రాగియేనని తేటతెల్లమవుతున్నది. నేటి కాపర్-టి 380ఎ పేరులోని 380 అనేది ఆ ఉపరితలపు కొలతే.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మన అమ్మమ్మలకు తెలుసు. పులుపు, ఉప్పు, గాలి కలిసి లోహాన్ని తినివేస్తాయి. గిన్నెకు కిలుము పడుతుంది. గర్భాశయంలో జరిగేది దానికి దగ్గరి బంధువే. అక్కడి ద్రవంలో క్లోరైడు ఉన్నది, కరిగిన ఆక్సిజన్ ఉన్నది, ప్రోటీనులు ఉన్నవి. వాటి చర్యవలన రాగి తీగ ఉపరితలం మెల్లగా ఆక్సీకరణం చెంది, రాగి అయాన్లు అతి స్వల్ప పరిమాణంలో విడుదలవుతాయి. ఈ అయాన్లు శుక్రకణాల చలనశక్తిని, జీవశక్తిని హరిస్తాయి. గర్భాశయపు లోపొరలో సూక్ష్మజీవులతో నిమిత్తం లేని స్వల్పమైన వాపు ఏర్పడి, అక్కడ చేరిన తెల్లరక్తకణాలు కూడా శుక్రకణాలను నశింపజేస్తాయి. కాబట్టి ఈ సాధనం ముఖ్యంగా పనిచేసేది అండం ఫలదీకరణ చెందకముందే. ఇది నెలనెలా గర్భస్రావం కలిగిస్తుందన్న అభిప్రాయం సరికాదు.

ఇంత రాగి ఒంటికి విషం కాదా అని అడుగుతారు. లెక్క చూడండి. 380ఎ రకంలో నిలువు కాండంపై సుమారు 176 మిల్లీగ్రాముల తీగ, రెండు చేతులపై సుమారు 69 మిల్లీగ్రాముల చొప్పున రాగి తొడుగులు, వెరసి సుమారు 314 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. తొలి వారాలలో విడుదల కొంత ఎక్కువగా ఉండి, తరువాత రోజుకు కొన్ని పదుల మైక్రోగ్రాములకు తగ్గుతుంది. రోజుకు 40 మైక్రోగ్రాములనుకున్నా పదేళ్ళకు 146 మిల్లీగ్రాములు, అనగా ఉన్నదానిలో సగం కూడా కాదు. సాధారణ వయోజనులకు ఆహారం ద్వారా రోజుకు కావలసిన రాగి సుమారు 900 మైక్రోగ్రాములు. రాగి శరీరంలో పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉన్నవారు, రాగి పడనివారు మాత్రం దీనిని వాడరాదు.

తొలి కాన్పు నియమం ఎక్కడినుండి వచ్చింది?

1971లో అమెరికాలో డాల్కన్ షీల్డ్ అనే సాధనం బజారులోకి వచ్చింది. గర్భాశయ సాధనాలకు చివర ఒక దారం ఉంటుంది. సాధనం స్థానంలో ఉన్నదో లేదో చూచుకొనేందుకు, కావలసినప్పుడు లాగి తీసేందుకు అది ఉపయోగపడుతుంది. తక్కిన సాధనాలకు ఒంటిపోగు దారం ఉండగా, డాల్కన్ షీల్డ్‌కు వందలాది సన్నని పోగులను ఒక నైలాను తొడుగులో చేర్చిన దారం పెట్టారు. ప్రమిదలోని వత్తి నూనెను పీల్చుకొన్నట్లు ఆ దారం యోనిలోని సూక్ష్మజీవులను గర్భాశయంలోకి చేరవేసింది. ఎందరో స్త్రీలు తీవ్రమైన అంటురోగాల పాలయ్యారు, కొందరు మరణించారు. 1974లో అమ్మకం ఆగింది. వేలాది వ్యాజ్యాల భారంతో తయారీదారు ఎ.హెచ్. రాబిన్స్ సంస్థ 1985లో దివాలా రక్షణ కోరింది.

అదే 1985లో వెలువడిన రెండు అమెరికా అధ్యయనాలు, గర్భాశయ సాధనం వాడిన పిల్లలు లేని స్త్రీలలో అండవాహికలు మూసుకుపోయి వంధ్యత్వం వచ్చే ప్రమాదం సుమారు రెండింతలని తెలిపాయి. వైద్యలోకం జంకింది. సంతానవతులకు మాత్రమే ఈ సాధనం అన్న నియమం పాఠ్యపుస్తకాలకెక్కింది. అమెరికాలో 1988లో అమ్మకానికి వచ్చిన కాపర్-టి 380ఎ కూడా కనీసం ఒక బిడ్డ ఉన్న స్త్రీకే తగినదని దాని వివరపత్రం చెప్పేది. ఆ షరతును 2005లో తొలగించారు. మన దేశంలో మాత్రం ఆ పాత నియమమే నోటినుండి నోటికి సాగివస్తున్నది.

షరతు తొలగడానికి కారణమేమి? 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు దాదాపు 23,000 మందికి అమర్చిన సాధనాల వివరాలు పరిశీలించారు. కటి భాగపు అంటువ్యాధి ఏడాదికి 1000 మందిలో 1.6 మందికి మాత్రమే వచ్చింది. అందులోనూ సాధనం అమర్చిన మొదటి 20 రోజులలో ప్రమాదం తరువాతి కాలంకంటే ఆరు రెట్లకు పైగా ఉన్నది. అనగా సాధనం లోపల ఉండడం కన్నా, అమర్చే వేళ అప్పటికే ఉన్న సూక్ష్మజీవులు లోపలికి పోవడమే అసలు సమస్య.

2001లో డేవిడ్ హ్యుబాకర్ బృందం మెక్సికో నగరంలో 1,895 మంది స్త్రీలపై చేసిన అధ్యయనం ఇంకా స్పష్టత నిచ్చింది. పూర్వపు అధ్యయనాలలో కాపర్-టి వాడినవారిని, అంటురోగాలనుండి కొంత రక్షణ కల్పించే కండోముల వంటివి వాడినవారితో పోల్చడం జరిగింది. ఆ పోలికలో సాధనం అపరాధిగా కనిపించడంలో వింత లేదు. పిల్లలు లేని స్త్రీలను సరైన వారితో పోల్చి, రక్తపరీక్షలు కూడా చేసినప్పుడు, అండవాహికలు మూసుకుపోవడానికి కాపర్-టితో సంబంధం కనబడలేదు. లైంగిక సంపర్కంవలన సోకే క్లమీడియా అనే సూక్ష్మజీవితో మాత్రం కనబడింది. పిల్లలు కలగకపోవడానికి దోషం ఆ జబ్బుదిగాని రాగిది కాదని తేలింది.

నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హతా వర్గీకరణలో 20 ఏళ్ళు దాటినవారికి వయస్సు రీత్యా ఏ అభ్యంతరమూ లేదు. 20 ఏళ్ళలోపు వారు, ఇంకా కాన్పు కానివారు రెండవ వర్గంలోకి వస్తారు. అంటే లాభం సాధారణంగా నష్టం కంటే ఎక్కువ, వాడవచ్చునని అర్థం. భారత ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా ఈ వర్గీకరణనే ఆధారం చేసుకున్నవి. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఏడు వేలకు పైగా స్త్రీలపై జరిపి 2012లో ప్రకటించిన అధ్యయనంలో, గర్భాశయ సాధనాలు, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్లు వాడినవారిలో కంటే మాత్రలు, పట్టీలు, రింగులు వాడినవారిలో అవాంఛిత గర్భాలు సుమారు 20 రెట్లు కనిపించాయి. మాత్రలు మొదలైనవి వాడే 21 ఏళ్ళలోపు వారిలో ప్రమాదం వారికంటే పెద్దవారిలో ఉన్నదానికి రెండింతలు. అదే ఏడు అమెరికా స్త్రీవైద్యుల సంఘం యువతులకు కూడా ఈ సాధనాలను సిఫారసు చేసింది.

హార్మోను రకం

కాపర్-టితో ముఖ్యమైన ఇబ్బంది నెలసరి రక్తస్రావం, నొప్పి పెరగడం. ముఖ్యంగా మొదటి కొద్ది నెలలలో. తెలుగు రాష్ట్రాలలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నదని సర్వేలు చెబుతున్నందున దీనిని తేలికగా తీసుకోరాదు. ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

అటువంటివారికి మరొక రకం ఉన్నది. ఫిన్లాండ్‌లో టపానీ లూక్కాయినెన్ కృషి ఫలితంగా 1990లో అందుబాటులోకి వచ్చిన మిరెనాలో 52 మిల్లీగ్రాముల లెవొనార్‌జెస్ట్రెల్ అనే హార్మోను సిలికోన్ రబ్బరులో కలిసి ఉంటుంది. చుట్టూ ఉన్న పలుచని సిలికోన్ పొర గుండా హార్మోను, కొత్తలో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున, ఊరుతుంది. అది గర్భాశయ ముఖద్వారంలోని జిగురును చిక్కబరచి శుక్రకణాలను అడ్డగిస్తుంది. నెలసరి బాగా తగ్గుతుంది. ఏడాది గడిచేసరికి సుమారు ఐదుగురిలో ఒకరికి పూర్తిగా ఆగుతుంది. ఇది హానికరం కాదు. సాధనం తీసివేయగానే తిరిగి వస్తుంది. అయితే నెలసరి ఆగడాన్ని గర్భంగానో, జబ్బుగానో భావించి కలతపడేవారికి ఈ విషయం ముందే తెలియాలి. దీని ధర కాపర్-టి కంటే చాలా ఎక్కువ.

తెలిసి నిర్ణయించుకోవాలి

అన్ని లాభాలే అని చెప్పడం శాస్త్రం కాదు. కాన్పు కానివారికి అమర్చేటప్పుడు నొప్పి ఎక్కువగా ఉండవచ్చు. నొప్పి గురించి ముందే మాట్లాడాలని, అవసరమైతే లిడొకెయిన్ వంటి మత్తుమందు వాడవచ్చునని 2024లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన మార్గదర్శకాలలో పేర్కొన్నది. కనుక నొప్పి తగ్గించే ఏర్పాటును అడగడానికి మొహమాటపడనక్కరలేదు. సాధనం తనంతట తాను జారిపోవడం కొందరిలో, ఎక్కువగా మొదటి ఏడాదిలో, జరుగుతుంది. గర్భాశయపు గోడకు రంధ్రం పడడం సుమారు వెయ్యిలో ఒకరికి. సాధనం ఉండగా గర్భం రావడం అరుదు. వస్తే అది అండవాహికలో నిలిచిందేమో వెంటనే పరీక్షించుకోవాలి. గర్భిణులు, ప్రస్తుతం కటి భాగపు అంటువ్యాధి ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, గర్భాశయపు లోపలి ఆకృతి వికటించినవారు వాడరాదు. లైంగిక వ్యాధులనుండి ఈ సాధనాలు రక్షించవు. ఆ అనుమానం ఉన్నచోట కండోము తప్పనిసరి.

మన ప్రవాస జీవితానికి ప్రత్యేకించిన సూచన ఒకటి ఉన్నది. వార్షిక సెలవులో ఊరికి వెళ్ళి, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు కాపర్-టి వేయించుకుని విమానమెక్కడం మనలో కొందరికి వాడుక. అంటువ్యాధి ప్రమాదం మొదటి 20 రోజులలోనే ఎక్కువ; జారిపోయే అవకాశమూ తొలి నెలలలోనే. కాబట్టి సెలవు ప్రారంభంలో వేయించుకుని వెళ్ళేలోగా మళ్ళీ చూపించుకోవడమో, లేదా మస్కట్‌లోనే వేయించుకుని తదుపరి నెలసరి తరువాత అదే వైద్యురాలికి చూపించుకోవడమో క్షేమకరం. సాధనం రకం, వేసిన తేదీ, తీయవలసిన సంవత్సరం వ్రాసిన కార్డును పాస్‌పోర్టులతో పాటు భద్రపరచండి. కాపర్-టి 380ఎకు పదేళ్ళు, 375 రకానికి అయిదేళ్ళు గడువు. జ్వరం, పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, దుర్వాసనతో కూడిన స్రావం, దారం తగలకపోవడం, నెలసరి తప్పడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయరాదు.

మనముంటున్న ఈ దేశం చూపిన దారి కూడా గమనింపదగినదే. 1980 దశకంలో ఒమానీ స్త్రీకి సగటున ఎనిమిదికి చేరువగా సంతానం ఉండేది. 1994లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఒక కార్యక్రమాన్ని ప్రారంభించి, దానికి కుటుంబ నియంత్రణ అని గాక కాన్పుల మధ్య ఎడం అని పేరు పెట్టింది. పిల్లలు వద్దని చెప్పలేదు. తల్లి కోలుకొనే వ్యవధి ఇవ్వమన్నది. కాన్పు తరువాత మరల గర్భం ధరించడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తొలి బిడ్డ పుట్టిన తరువాత మన ఇళ్ళలో ఈ ఎడం గురించి ఎవరైనా మాట్లాడుతున్నారా? ఆపరేషన్ ఎప్పుడన్న ప్రశ్న మాత్రం ప్రసూతి మంచం దిగకముందే వస్తుంది.

ఇరవై మూడేళ్ళకే శాశ్వత నిర్ణయం తీసుకొన్న స్త్రీకి ముప్ఫై ఏళ్ళకు మరో బిడ్డ కావాలనిపిస్తే మరల ఒక శస్త్రచికిత్స, ఖర్చు, ఫలితంపై అనిశ్చితి. కాపర్-టి తీసివేయడం కొద్ది నిమిషాల పని. గర్భధారణ శక్తి ఆలస్యం లేకుండా తిరిగి వస్తుంది. అమ్మాయికి పెళ్ళి కుదిరినప్పుడు చీరలు, నగలు, వీసా కాగితాల గురించి నెలల తరబడి మాట్లాడుకొనే మనం, ఈ విషయం మాట్లాడేందుకు ఒక సాయంకాలం కేటాయించలేమా? తల్లులు ఈ వ్యాసాన్ని కూతుళ్ళకు, కోడళ్ళకు ఇచ్చి చదివించవలెనని, వేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం ఆ అమ్మాయికే వదలవలెనని నా మనవి.